అణువుల నడుమ ఆకర్షణము: రసాయనశాస్త్ర విద్యార్థుల కొక వృత్తిమార్గము

1996వ సంవత్సరమున అబట్ కంపెనీ రిటోనవిర్ అను ఔషధమును ఎయిడ్స్ రోగుల చికిత్సకై విపణిలోనికి తెచ్చెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1998లో, అంతవరకు ఎవ్వరును చూచి యెరుగని యొక క్రొత్త స్ఫటికరూపము ఆ క్యాప్సూళ్ళలో పుట్టి, పూర్వరూపముకంటె మిక్కిలి తక్కువగా కరగునదగుటచేత, కంపెనీవారు ఆ క్యాప్సూళ్ళ సరఫరాను నిలిపి, ఔషధమును వేరొక విధమున కూర్చుకొనవలసివచ్చెను. రిటోనవిర్ అణువులో ఒక పరమాణువైనను తగ్గలేదు, ఒకటియైనను పెరుగలేదు. ఆ అణువు మడతపడిన తీరును, ఇరుగుపొరుగు అణువులతో హైడ్రోజన్ బంధములచే కూడుకొన్న తీరును మాత్రమే మారెను.

మన కళాశాలలలో రసాయనశాస్త్రమనగా పరమాణువునకు పరమాణువును ముడివేసి క్రొత్త అణువును నిర్మించు విద్యయని తలచు విద్యార్థులు పెక్కుమంది కలరు. ఆ తలంపు తప్పు కాదు గాని అసంపూర్ణము. నిర్మింపబడిన అణువు మందుబిళ్ళగా నిలుచునా, ప్రేగులలో కరగునా, తాను చేరవలసిన ప్రోటీనును పట్టుకొనునా, ద్రవమును జెల్లుగా బిగించునా యను ప్రశ్నలన్నిటికిని ఉత్తరమిచ్చునవి అణువుల నడుమ నుండు బలహీనాకర్షణములే. వానిని గుర్తించుటయు, కొలుచుటయు, ముందుగా ఊహించి కార్యమునకు వినియోగించుటయు నేర్చినవారికి గౌరవప్రదమైన జీవనోపాధి కలదనియు, ఆ నేర్పును డిగ్రీ చదువుచున్న నాటినుండియే అలవరచుకొనవచ్చుననియు చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విద్యయొక్క స్వరూపము

రెండు కర్బన పరమాణువులను కలిపియుంచు ఏకబంధమును త్రెంపుటకు మోలునకు సుమారు 350 కిలోజౌళ్ళ శక్తి కావలెను. నీటిలోని హైడ్రోజన్ బంధమునకు సుమారు 20 కిలోజౌళ్ళు చాలును. వాన్ డర్ వాల్స్ ఆకర్షణములు అంతకంటెను స్వల్పములు. గది ఉష్ణోగ్రతవద్ద అణువులను నిరంతరము కదలించుచుండు ఉష్ణశక్తి మోలునకు దాదాపు 2.5 కిలోజౌళ్ళు. కావున ఈ బలహీనబంధములు విడుచు, మరల కూడుచు, తప్పుగా కుదిరిన చోట సరిదిద్దుకొనుచు, తుదకు ఒక క్రమమైన సముదాయమును తమంత తామే నిర్మించుకొనగలవు. డీఎన్ఏ జంటపేటలును, కణమును చుట్టియున్న పొరయు, సబ్బునీటిలోని మిసెళ్ళును ఇట్లేర్పడినవే. ఇట్టి సముదాయములను శోధించు శాఖయే సుప్రమాలిక్యులర్ కెమిస్ట్రీ.

ఎంజైమును, అది పట్టు పదార్థమును తాళముతోను తాళపుచెవితోను పోల్చి 1894లో ఎమిల్ ఫిషర్ ఈ భావమునకు బీజము వేసెను. 1987లో చార్లెస్ పెడర్సన్, డొనాల్డ్ క్రామ్, ఝాన్ మరీ లేన్ అను మువ్వురకు లభించిన నోబెల్ బహుమతి ఈ శాఖకు స్థిరమైన ప్రతిష్ఠను కూర్చెను. వీరిలో పెడర్సన్ చరిత్రము ఉద్యోగార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఆయన విశ్వవిద్యాలయాచార్యుడు కాడు; డాక్టరేటు పట్టము లేనివాడు; డుపాంట్ కంపెనీలో ఉద్యోగి. వేరొక పదార్థమును తయారుచేయుచుండగా, నూటికి ఒక వంతైనను లేని ఉపఫలముగా పట్టుపోగులవంటి తెల్లని స్ఫటికములు కొన్ని ఆయనకు చిక్కినవి. ఆ లేశమును పారవేయక పరిశీలింపగా, అది వలయాకారమున నుండి, పొటాసియమువంటి లోహ అయానులను తన నడిమి ఖాళీలో పట్టియుంచు అణువని తేలెను. క్రౌన్ ఈథర్లను గూర్చిన ఆ పరిశోధనమును 1967లో ప్రకటించునాటికి ఆయన అరువది యేండ్లు దాటినవాడు.

బంధనశాస్త్రమున విద్యార్థి తొలుదొల్త హృదయస్థము చేసికొనవలసిన సంఖ్య యొకటి కలదు. 25 డిగ్రీల సెంటీగ్రేడువద్ద రెండణువుల బంధనస్థిరాంకము పది రెట్లు పెరుగుటకు కావలసిన స్వేచ్ఛాశక్తి మోలునకు 5.7 కిలోజౌళ్ళు మాత్రమే. అనగా ఒక మంచి హైడ్రోజన్ బంధము చక్కగా కుదిరినచో మందుయొక్క పట్టు పది రెట్లు హెచ్చవచ్చును. కుదురనిచో అంతయు నష్టపోవచ్చును. ఔషధములను రూపొందించువారి శ్రమలో అధికభాగము ఈ కొద్దిపాటి కిలోజౌళ్ళను సంపాదించుటకే వ్యయమగుచున్నది.

జెల్లులు: ఆముదమునుండి గ్రీజువరకు

జెల్లులో అధికభాగము ద్రవమే. నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమున్న పదార్థము సన్నని నారలుగా అల్లుకొని ఆ ద్రవమునంతను కదలనీయక నిలుపును. ఇందుకొక ఉదాహరణము జెలటిన్. దానికి మూలమైన, జంతువుల చర్మములోని కొల్లాజెన్ మూడుపేటల ప్రోటీను. ఆ నిర్మాణమును 1950వ దశకమున మద్రాసు విశ్వవిద్యాలయములో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా వెల్లడించిరి. కొల్లాజెనును వేడిచేసి పేటలను విడదీయగా వచ్చు జెలటిన్, చల్లారునప్పుడు అక్కడక్కడ మరల మూడేసి పేటలుగా ముడిపడుటచేతనే ద్రావణము గడ్డకట్టును.

మనకు మరింత సన్నిహితమైన ఉదాహరణము ఆముదము. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతముల మెట్టభూములలో చిరకాలముగా సాగగుచు వచ్చిన ఈ పంట గింజలనుండి వచ్చు నూనెను ఉదజనీకరించి, జలవిశ్లేషణము చేసినచో 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లము లభించును. దానినుండి చేయు లిథియం సబ్బు ఖనిజతైలములో నారలుగా అల్లుకొని గ్రీజగును. లారీల బేరింగులలోను, యంత్రముల కీళ్ళలోను నిలుచు గ్రీజులలో ఈ రకము ప్రధానమైనది. ఆ ఆమ్లమే స్వయముగా అనేక సేంద్రియ ద్రవములను జెల్లుగా మార్చగలదు. అణువుల గొలుసుపై హైడ్రాక్సిల్ సమూహము నిలిచిన స్థానము మారినను, కుడియెడమ రూపములు సమపాళ్ళలో కలిసినను, జెల్లు కట్టు శక్తి మారిపోవును. ఇట్టి కారణములను అర్థము చేసికొన్న యువకుడు నూనెల కర్మాగారమునకు, గ్రీజు తయారీకి, రంగులకు, సౌందర్యసాధనములకు, ఆహారపదార్థములకు ఒక్కతీరుగనే పనికివచ్చును. ఏలయన ఈ పరిశ్రమలన్నింటిలోను చిక్కదనమును వలసినంత తెచ్చి, నెలల తరబడి చెడకుండ నిలుపుటయే ముఖ్యసమస్య.

ఉద్యోగక్షేత్రములు

తెలుగువారికి అతిసమీపముననున్న క్షేత్రము ఔషధపరిశ్రమ. హైదరాబాదు పరిసరములలోను, విశాఖపట్టణ ప్రాంతమునను ఉన్న కంపెనీలలో సంశ్లేషణము చేయు రసాయనికులకు తోడు, ఔషధముయొక్క స్ఫటికరూపములను వెదకి, వానిలో స్థిరమైనదానిని ఎన్నుకొను నిపుణులు అవసరమగుచున్నారు. ఇది ప్రీఫార్ములేషన్, సాలిడ్ స్టేట్ విభాగముల పని. స్ఫటికీకరణమును పెద్దపాత్రలలో అదుపులో నుంచుట ప్రాసెస్ అభివృద్ధివారి పని. రెండణువులను ఒకే స్ఫటికములో కూర్చు సహస్ఫటికముల విద్య ఈ క్షేత్రమునకు ఇటీవలి కాలమున చేకూరిన సంపద.

బంధనముచేతనే పనిచేయు పదార్థములును ఔషధరంగమున కలవు. పిండిపదార్థమునుండి ఎంజైముల సాయమున లభించు సైక్లోడెక్స్‌ట్రిన్లు ఆరు, ఏడు లేక ఎనిమిది గ్లూకోజు భాగములు గల వలయములు. వాని వెలుపలిభాగము నీటితో కలియును, లోపలిభాగము నీటికి వెరచు అణువులకు చోటిచ్చును. 2020లో హైదరాబాదు కంపెనీలు కొన్ని తయారుచేసిన రెమ్డెసివిర్ సూదిమందులో ఆ ఔషధమును కరగించి నిలిపినది ఒక సైక్లోడెక్స్‌ట్రినే. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు ఇచ్చు రోకురోనియమును రక్తములోనే చుట్టిపట్టి, దాని ప్రభావమును తొలగించు సుగామడెక్స్ అను మందు ఎనిమిది గ్లూకోజులుగల వలయమునకు మార్పులు చేసి రూపొందించినది. అమెరికాలో దానికి 2015లో అనుమతి లభించెను.

న్యాయరంగమునందును ఈ విద్యకు స్థానము కలదు. రక్తక్యాన్సరునకు వాడు ఇమాటినిబ్ మెసిలేట్ యొక్క బీటా స్ఫటికరూపమునకు పేటెంటు ఇచ్చుటకు మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించెను. ఎరిగిన పదార్థముయొక్క క్రొత్తరూపము చికిత్సాఫలమున మెరుగైనదని రుజువు కానిదే పేటెంటుకు తగదను 3(డి) నిబంధన ఆ తీర్పునకు ఆధారము. ఇట్టి వివాదములలో స్ఫటికశాస్త్రము తెలిసిన పేటెంటు నిపుణుని మాటకు విలువ హెచ్చు. విజ్ఞానశాస్త్రమున పట్టము గలవారు పేటెంటు ఏజెంటు పరీక్షకు కూర్చుండవచ్చును.

చదువుదారి

ఇంటర్మీడియట్ ముగించినవారు ఐఐఎస్ఈఆర్ సంస్థల అయిదేండ్ల బీఎస్-ఎంఎస్ కోర్సునకు ఐఏటీ పరీక్షద్వారా ప్రవేశింపవచ్చును. వానిలో ఒకటి తిరుపతిలోనే కలదు. భువనేశ్వరములోని నైజర్ సంస్థకు నెస్ట్ పరీక్ష మార్గము. బీఎస్సీ చదివినవారికి జామ్ పరీక్ష ఐఐటీల ద్వారమును తెరచును. సీయూఈటీ పీజీ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు, సీపీగెట్ తెలంగాణ విశ్వవిద్యాలయములకు, ఏపీ పీజీసెట్ ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయములకు దారులు. బీఫార్మసీవారు జీప్యాట్ వ్రాసి, ప్రవేశపరీక్షద్వారా బాలానగరులోని నైపర్‌లో చేరవచ్చును.

ఎంఎస్సీ తరువాత పరిశోధన కోరువారు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ పొందవచ్చును. 2023 జనవరి నుండి దాని వేతనము మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు. పీహెచ్‌డీ అయిదేండ్ల దీర్ఘశ్రమయని యెరిగియే అందు దిగవలెను. త్వరగా సంపాదింపవలసిన కుటుంబస్థితి గలవారు ఎంఎస్సీతోనే ఔషధకంపెనీల విశ్లేషణ, ఘనరూప విభాగములలో చేరవచ్చును. అట్లు చేరుట చిన్నతనమని భావింపరాదు. పెడర్సన్ జీవితమంతయు పరిశ్రమలోనే గడచినది.

గురువుల విషయమున మనకు కొదవ లేదు. 1989లో 'క్రిస్టల్ ఇంజనీరింగ్' గ్రంథమును వెలువరించి, ఆ పేరుగల శాఖకు ప్రపంచవ్యాప్తమైన రూపము నిచ్చినవారిలో ముఖ్యుడైన గౌతమ్ దేశిరాజు దీర్ఘకాలము హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోనే బోధించి, పిదప బెంగళూరు ఐఐఎస్‌సీకి వెడలెను. ఐఐఎస్‌సీలో ఉదయ్ మైత్రా పిత్తామ్లములనుండి జెల్లులను రూపొందించెను. తిరువనంతపురము ఎన్ఐఐఎస్‌టీ‌లో అజయఘోష్ కాంతిని గ్రహించు జెల్లులపై విశేషకృషి చేసెను. హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీలో పరిశోధనావకాశములు మనకు సన్నిహితములు.

అలవరచుకొనవలసిన నేర్పులు

సంశ్లేషణము తెలిసినవారు దొరకుట సులభము. కొలుచుట తెలిసి, కొలిచినదానిని నిర్భయముగా వ్యాఖ్యానింపగలవారు అరుదు. కావున భౌతిక రసాయనశాస్త్రమును, ముఖ్యముగా ఉష్ణగతికశాస్త్రమును, పరీక్షలకొరకు గాక పనికొరకు చదువవలెను. ఎక్స్‌రే డిఫ్రాక్షన్, డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరిమెట్రీ) అను రెండు సాధనములు స్ఫటికరూపములను గుర్తించుటకు మూలస్తంభములు. ఎన్ఎంఆర్ టైట్రేషన్లో అతిథి అణువును, అనగా పట్టుబడు అణువును, కొద్దికొద్దిగా చేర్చుచు సంకేతము జరుగుటను గమనించి బంధనస్థిరాంకమును రాబట్టుదురు. ఐటీసీ అను క్యాలరీమీటరు వెలువడిన వేడిని కొలిచి, బంధనస్థిరాంకమును, ఎన్ని అణువులు ఎన్నింటితో కూడినవో, ఎంత ఎంథాల్పీ మార్పు జరిగెనో ఒకే ప్రయోగములో తెలుపును. జెల్లుల పరీక్షకు రియోమీటరు అవశ్యము. సీసా తలక్రిందులుగా పట్టినప్పుడు జారకుండుట తొలిసూచన మాత్రమే, స్థితిస్థాపక గుణకము స్నిగ్ధగుణకమును మించుట అసలు ప్రమాణము.

ఈ యంత్రములన్నియు జిల్లాకేంద్రముల కళాశాలలలో దొరకవనుట నిజము. అందులకు మూడు సైన్సు అకాడమీలు కలిసి నిర్వహించు సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ మంచి ఉపాయము; రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలో పనిచేయుటకు అది అవకాశమిచ్చును. దరఖాస్తు చేయునప్పుడు "నాకు రసాయనశాస్త్రమన్న మక్కువ" అను మాటలు వ్రాయుటకంటె, ఆ శాస్త్రవేత్త వ్రాసిన పరిశోధనవ్యాసమొకటి చదివి, అందు మీకు తోచిన ప్రశ్నను వినయముగా అడుగుట వేయిరెట్లు మేలు.

ఈ వారమే మొదలిడదగిన పని

కేంబ్రిడ్జి స్ఫటికనిర్మాణ నిధిలో 2019 నాటికే పది లక్షలకు మించిన నిర్మాణములు చేరినవి. ఆ నిధిని నడుపు సంస్థవారి మెర్క్యురీ అను సాఫ్ట్‌వేరుయొక్క ఉచితప్రతిని కంప్యూటరులో దింపుకొని, పారాసిటమాల్ యొక్క రెండు స్ఫటికరూపములను తెరచి చూడుడు. మొదటి రూపములో హైడ్రోజన్ బంధములచే కూడిన అణువుల పొరలు ముడుతలుపడి యుండును. రెండవదానిలో అవి చదునుగా నుండి యొకదానిపై నొకటి సులభముగా జారును. అందుచేతనే రెండవరూపము ఒత్తిడికి చక్కగా బిళ్ళగా కుదురును. అయినను స్థిరత్వమున మొదటిదే మిన్న. హైడ్రోజన్ బంధములను మీరే యొక కాగితముపై గీసి, పొరల వంపును కొలిచి, బిళ్ళలు తయారుచేయువాడు ఏ రూపమునెంచుకొనవలెనో, ఎందుకో ఒక పుటలో వ్రాసి, మీ అధ్యాపకునకు చూపుడు. ఆయన వేయు ప్రశ్నలకు ఉత్తరములు వెదకుచు పోయినచో, ఇంటర్వ్యూలో మీ నిపుణత యేమని యడిగిన వారియెదుట ఉంచుటకు మీ చేత యొక నిజమైన పని యుండును.