సూది దారి చూపే కళ్లజోడు

మీ ఇంటి మనిషికి "స్కానింగ్‌లో చూస్తూ సూది వేయాలి" అని డాక్టరుగారు చెప్పగానే మీకు కంగారు పుట్టడం సహజం. సూది పక్కనున్న రక్తనాళానికి తగిలితే? పేగుకు తగిలితే? ఈ పని ఎలా జరుగుతుందో, ఇందులో వస్తున్న కొత్త పద్ధతులేమిటో తెలుసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది.

అల్ట్రాసౌండ్ ఎలా చూస్తుంది?

మన చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినిపిస్తుంది. స్కానింగ్‌లో వాడే శబ్దానికి లక్షల సంఖ్యలో కంపనాలుంటాయి. అది శరీరంలోకి వెళ్లి, అవయవాలకు తగిలి తిరిగివస్తుంది. ఆ ప్రతిధ్వనులే తెరపై బొమ్మగా మారతాయి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గ్లాస్గో నగరంలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ఈ పద్ధతిని వైద్యలోకానికి వివరించారు. నేడు ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీయడానికి, కాలేయంలోని చీము తీయడానికి, బయాప్సీకి, డయాలిసిస్ కోసం మెడ నరంలో గొట్టం వేయడానికి ఇది సాయపడుతోంది.

కష్టం ఎక్కడుంది?

అద్దంలో చూసుకుంటూ సూదిలో దారం ఎక్కించి చూడండి. డాక్టరుగారి పని కొంత అలాంటిదే. చెయ్యి రోగి దగ్గర, చూపు పక్కనున్న తెర మీద. పైగా తెరపై కనిపించేది బ్రెడ్డు ముక్కలాంటి ఒక పలుచని పొర మాత్రమే. సూది ఆ పొరను దాటిపోతే, కనిపించే చుక్క సూది మొన కాకపోవచ్చు. అందుకే దీనికి ఎంతో అభ్యాసం కావాలి.

కొత్త పద్ధతి ఏమిటి?

వర్చువల్ రియాలిటీలో కళ్లజోడు పెట్టుకున్నవారికి కంప్యూటర్ సృష్టించిన లోకమే కనిపిస్తుంది. యువ డాక్టర్లు రోగిని తాకకముందే అందులో సూది వేయడం సాధన చేయవచ్చు. తప్పు జరిగినా ఎవరికీ గాయం కాదు.

ఆగ్మెంటెడ్ రియాలిటీలో ఎదుటి రోగి మామూలుగానే కనిపిస్తాడు. స్కానింగ్ బొమ్మ మాత్రం తెరపై కాక, రోగి శరీరం మీదే, అవయవం ఉన్న చోటే కనిపిస్తుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1992లోనే గర్భవతి స్కానింగ్ బొమ్మను ఇలా చూపించారు. 1996లో బయాప్సీ సూది కోసం ఆ పద్ధతిని మెరుగుపరిచారు.

దీనికి హద్దులున్నాయి

రోగి ఊపిరి తీస్తే కాలేయం పైకీ కిందికీ కదులుతుంది. బొమ్మ కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగినా సూది దారి తప్పవచ్చు. పరికరాలు కూడా వస్తుంటాయి, పోతుంటాయి. 2016లో వచ్చిన హోలోలెన్స్ కళ్లజోడుతో ఎన్నో వైద్య ప్రయోగాలు జరిగాయి. దాని తర్వాతి రకం తయారీని 2024లో ఆపేశారు. చాలా ఆసుపత్రులలో ఈ పని నేటికీ మామూలు తెర చూస్తూనే జరుగుతుంది. కాబట్టి "ఇక్కడ ఆ కళ్లజోడు లేదు" అని అవసరమైన చికిత్సను వాయిదా వేయకండి. అనుభవమున్న చెయ్యి, శుభ్రమైన పరికరాలు, మంచి స్కానింగ్ యంత్రం ముఖ్యం.

మీరు చేయవలసినవి

1. రోగి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

2. గతంలో రక్తం ఆగకపోవడం, మందు పడకపోవడం జరిగితే దాచకండి.

3. సంతకం చేసే ముందు అడగండి: ఇది ఎందుకు? ప్రమాదమేమిటి? వేరే మార్గముందా? ఎవరు చేస్తారు? కొత్త పరికరం పరిశోధన కోసం వాడుతుంటే ఆ సంగతి మీకు చెప్పాలి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది.

4. కదలకుండా ఉండాలని, చెప్పినప్పుడు ఊపిరి బిగపట్టాలని రోగికి నచ్చజెప్పండి.

5. తర్వాత ఆయాసం, తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయక నర్సుకు చెప్పండి. ఇంటికి వెళ్లాక కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కళ్లజోడు సూది దారి చూపగలదు. కానీ రోగి వాడే మందులు, పాత జబ్బులు దానికి కనిపించవు. అవి చెప్పవలసింది మీరే.