పగటి రంగు, దీపపు రంగు



పోయిన వేసవిలో ఒక గ్రామమున కూడిక ముగిసిన పిమ్మట ఒక సహోదరి కొంగుముడి విప్పి ఒక ఉంగరము మాకు చూపెను. “అయ్యగారూ, ఇది పగలొక రంగు, రాత్రొక రంగు. అమ్మితే మా పిల్ల పెళ్లి అయిపోతుందని ఇచ్చినాయన చెప్పాడు. నిజమేనా?” అని అడిగెను. దానికొరకు ఆమె పాడిగేదెను అమ్ముకొనినది. ఆనాడు మేము జవాబు చెప్పలేకపోతిమి. తరువాత నేర్చుకొనిన సంగతులను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

1. ఈ రాయి ఏది?

రంగు మారు రాళ్లలో మిక్కిలి పేరుపొందినది అలెగ్జాండ్రైటు. 1830 తరువాతి సంవత్సరములలో రష్యాదేశపు ఉరల్ కొండలలో, పచ్చలు త్రవ్వు గనులలో ఇది కనుగొనబడెను. అప్పటి యువరాజు అలెగ్జాండరు పేరు దీనికి పెట్టిరి. ఆయనే 1855లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి ఆయెను. తరువాత సింహళములోను, బ్రెజిలులోను, మన విశాఖపట్నపు మన్యపు కొండలలోను దొరికినది. నవరత్నములలోని వైడూర్యమును ఇదియు ఒకే జాతివి. నిర్గమకాండము 28వ అధ్యాయములోని యాజకుని పతకపు పండ్రెండు రాళ్లలో మాత్రము దీనిని వెదకనక్కరలేదు. ఆ దినములలో ఈ పేరుగల రాయి ఎవరికిని తెలియదు.

2. రంగు ఎందుకు మారును?

రాయి మారదు, దానిపై పడు వెలుగు మారును. మరకతమును పచ్చగా చేయునదియు, కెంపును ఎర్రగా చేయునదియు క్రోమియము అను ఒకే లోహము. అలెగ్జాండ్రైటులోను అదే కొద్దిగా కలిసియుండును. అందువలన ఈ రాయి పసుపు వెలుగును మ్రింగివేసి, ఆకుపచ్చను ఎరుపును మాత్రము పోనిచ్చును. పగటి వెలుగులో ఆకుపచ్చ సమృద్ధిగా నున్నది గనుక రాయి ఆకుపచ్చగా కనబడును. కొవ్వొత్తి, లాంతరు, పాతకాలపు తీగ బల్బు, వీటి వెలుగులో ఎరుపు హెచ్చు గనుక అదే రాయి ఎర్రగా కనబడును.

3. ఏలాగు పరీక్షింపవలెను?

(అ) పగటివేళ ఎండ నేరుగా పడని గుమ్మమునొద్ద, తెల్లని కాగితముపై రాతిని పెట్టి చూడుడి. రాత్రి చీకటి గదిలో ఒక్క కొవ్వొత్తి వెలిగించి మరల చూడుడి. ఇప్పుడు మన యిండ్లలో నున్న తెల్లని ఎల్‌.ఇ.డి. దీపములును, ట్యూబులైట్లును ఈ రాత్రి పరీక్షకు పనికిరావు. వాటిక్రింద రాయి పగటివలెనే కనబడవచ్చును.

(ఆ) రాతిని కదపవద్దు, దీపమునే మార్చుడి. ఒకే వెలుగులో రాతిని త్రిప్పినప్పుడు వేరు రంగు కనబడిన అది వేరు సంగతి. అనేక రాళ్లకు ఆ గుణము కలదు.

(ఇ) రంగు మారినంత మాత్రమున అలెగ్జాండ్రైటు కాదు. కొన్ని గోమేధికపు జాతి రాళ్లును, కొన్ని నీలములును స్వభావముగానే రంగు మారును. కొలిమిలో చేసిన కురువిందమును ఈ పేరుతో నూరేండ్లకు పైగా అమ్ముచున్నారు. అది పగలు బూడిద కలిసిన నీలముగాను, దీపమునొద్ద వంకాయరంగుగాను నుండును.

(ఈ) రాతిని ఉంగరమునుండి తీయించి గాలిలో తూచి, దారముతో నీటిలో వ్రేలాడదీసి మరల తూచవలెను. గాలిలోని బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగింపవలెను. అలెగ్జాండ్రైటునకు ఇంచుమించు 3.73 వచ్చును, కురువిందమునకు 4 వచ్చును.

(ఉ) గీచి చూచుట మానుడి. మంచి రాయి చెడిపోవును.

అయితే 1970 తరువాత నిజమైన అలెగ్జాండ్రైటునే మనుష్యులు యంత్రశాలలో చేసి అమ్ముచున్నారు. బరువును రంగును రెండింటికి ఒకటే. దానిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షాశాలవారే తేల్చవలెను. గనుక పెద్ద సొమ్ము ఇచ్చుటకు ముందే అక్కడికి వెళ్లుడి, ఇచ్చిన తరువాత కాదు.

4. ఆ సహోదరి రాయి

కంసాలి యొద్ద తూపించితిమి. గాలిలో 800 మిల్లీగ్రాములు, నీటిలో 600. తగ్గినది 200, భాగింపగా 4 వచ్చెను. పట్టణములోని పరీక్షాశాలవారు లోపల వంగిన గీతలు చూచి, ఇది కొలిమి రాయి అనిరి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “నాకు చెప్పినట్టే నేనూ ఇంకొకరికి చెప్పి అమ్ముకుంటే, నా గేదె డబ్బు నాకొస్తుంది గదా?” అనెను. మేము బదులు చెప్పకమునుపే, “వాళ్లకూ ఒక గేదె ఉంటుంది” అని తానే అనుకొని, ఉంగరపు బంగారము మాత్రము అమ్మి, రాతిని పిల్లకు ఆడుకొనుటకు ఇచ్చెను. పెండ్లి ఒక యేడు వెనుకకు పోయినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ పరీక్షకు మన యింటిలోని ఏ దీపము పనికివచ్చును? ఏది పనికిరాదు?
2. రాతిని కదపక వెలుగునే ఎందుకు మార్చవలెను?
3. మోసపోయినవాడు ఆ నష్టమును మరియొకనిపై వేయవచ్చునా?