బంగారు లేడి బొమ్మ ఎట్లా తయారవుతుంది?

పాల్వంచ నుంచి ఒక అత్తా, కోడలూ పర్ణశాల చూడటానికి బయలుదేరారు. అత్తకు చదువు కొత్త. అక్షర కేంద్రంలో నేర్చుకుంది. బస్సు మీద రాసిన పేరును కూడబలుక్కుంటూ "భ... ద్రా... చ... లం" అని చదివింది. చదివి తనలో తానే నవ్వుకుంది.

పర్ణశాల దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంది. సీతారాములు వనవాసంలో అక్కడే ఉన్నారని జనం నమ్మకం. బంగారు లేడి కథను అక్కడ బొమ్మలుగా చూపిస్తారు. అత్త ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడింది.

"బంగారు లేడిని ఎవరన్నా చూసిండ్రా బిడ్డా?" అని అడిగింది.

"ఎవరు చూస్తరత్తా? అది మాయ లేడి గదా."

"మరి చూడని దాన్ని బొమ్మ ఎట్ల చేసిండ్రు?"

కోడలు దగ్గర జవాబు లేదు. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

చూసిన దాని నుంచే చూడనిది

బొమ్మలు వేసేవాళ్ళు చూడని దాన్ని ఊరికే ఊహించరు. ముందు చూసిన దాన్ని బాగా గమనిస్తారు.

పాల్వంచ దగ్గర కిన్నెరసాని డ్యాం ఉంది. అక్కడ జింకల పార్కు ఉంది. చుక్కల దుప్పిని అక్కడ చూడవచ్చు. దాని ఒళ్ళు ఎర్ర గోధుమ రంగు. ఒంటి నిండా తెల్ల చుక్కలు. వీపు మీద పొడుగునా నల్లని చార. పొట్ట కింద తెలుపు. కొమ్ములు మగదానికే ఉంటాయి. అవి ఊడిపోయి మళ్ళీ మొలుస్తాయి.

ఇదంతా నిజం జింక. బంగారు లేడికి ఆధారం ఇదే.

ఇక కథ ఏం చెప్పిందో చూద్దాం. ఆ లేడి మారీచుడు అనే రాక్షసుడి మాయ. వాల్మీకి రామాయణంలో దాని రూపం వివరంగా ఉంది. ఒళ్ళు బంగారం. చుక్కలు వెండి. కొమ్ముల చివరలు మణులు. తోక ఇంద్రధనుస్సు రంగులు.

ఒకసారి పోల్చి చూడండి. నిజం జింకకూ చుక్కలున్నాయి, లేడికీ చుక్కలున్నాయి. దానికీ కొమ్ములున్నాయి, దీనికీ ఉన్నాయి. ఆకారం మారలేదు. రంగు మాత్రమే మారింది.

గుళ్ళలో స్తంభాల మీద యాళి అనే జంతువును చెక్కుతారు. దాని ఒళ్ళు సింహానిది. కొన్నిటికి ఏనుగు తొండం కూడా ఉంటుంది. గండభేరుండం అనే పక్షికి రెండు తలలు. సింహం, ఏనుగు, పక్షి మనకు తెలిసినవే. కలిపిన తీరే కొత్తది.

చేర్యాల పటాలు

ఇట్లాంటి బొమ్మలు వేయడంలో చేర్యాల ఊరికి పెద్ద పేరు. పాల్వంచ నుంచి ఖమ్మం, వరంగల్ దాటి, జనగామ మీదుగా అక్కడికి పోవాలి. ఇప్పుడు అది సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడ బొమ్మలు వేసేవాళ్ళను నకాశీలు అంటారు.

వాళ్ళు పొడుగాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేస్తారు. దాన్ని పటం అంటారు. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40 అడుగులు కూడా ఉంటుంది. కథ చెప్పేవాళ్ళు ఆ పటం వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్ళు ఇట్లాగే చెబుతారు. చదువు రాని జనానికి ఆ పటమే పుస్తకం.

సినిమాలూ టీవీలూ వచ్చాక కథలు చెప్పించుకునేవాళ్ళు తగ్గారు. పటాలు వేయించేవాళ్ళూ తగ్గారు. కొన్ని కుటుంబాలే ఈ పనిని నిలబెట్టాయి. దనాలకోట వైకుంఠం కుటుంబం వాటిలో ఒకటి. ఆయన భార్య వనజ కూడా బొమ్మలు వేస్తారు. ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, మాస్కులు చేసి అమ్ముతున్నారు.

పని సాగే తీరు

చేర్యాల పద్ధతిలో బంగారు లేడిని వేయాలంటే పని ఇట్లా సాగుతుంది.

1. గుడ్డ తయారు చేయడం. ఖద్దరు గుడ్డ తీసుకుంటారు. గంజి, తెల్ల సుద్ద, ఉడికించిన చింతగింజల పిండి, బంక కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. అట్లా మూడుసార్లు. ఎందుకు? ఉత్త గుడ్డ మీద రంగు వేస్తే పీల్చేస్తుంది, గీత పాకిపోతుంది. పూత పూస్తే గుడ్డ కన్నాలు మూసుకుంటాయి. ఇల్లు అలికి ముగ్గు వేసినట్టే ఇది.

2. గీత గీయడం. పాత పద్ధతిలో పెన్సిలు లేదు. కుంచెతోనే గీస్తారు. సన్నని కుంచెను ఉడుత వెంట్రుకలతో కడతారు. లేడి వీపు, మెడ, కాళ్ళు, కొమ్ములు ఈ గీతలోనే రావాలి. ఇక్కడ నిజం జింకను తలచుకోవాలి. కాళ్ళు మేక కాళ్ళలాగా పొట్టిగా వస్తే లేడి కాదు.

3. ఎర్ర రంగు నింపడం. బొమ్మ చుట్టూ ఉన్న చోటంతా ఎర్ర రంగు వేస్తారు. చేర్యాల బొమ్మకు గుర్తు ఈ ఎరుపే. ఎరుపు మీద పసుపు రంగు దూరానికి కూడా కనపడుతుంది. బంగారు లేడికి ఇంతకన్నా మంచి నేల ఏముంది?

4. రంగులు వేయడం. ఒళ్ళంతా పసుపు రంగు. చుక్కలు తెలుపు. తోకకు రంగు రంగుల చారలు. పూర్వం రంగులు కూడా వాళ్ళే తయారు చేసుకునేవాళ్ళు. దీపం మసితో నలుపు, నీలిమందుతో నీలం, గవ్వల పొడితో తెలుపు. ఇప్పుడు బజారు రంగులు కూడా వాడుతున్నారు.

5. నల్ల గీతతో ముగించడం. రంగులు ఆరాక అంచుల వెంట సన్నని నల్ల గీత గీస్తారు. కన్ను, ముక్కు, గిట్టలు అప్పుడు తేరతాయి. అప్పటిదాకా అది పసుపు మచ్చ. గీత పడ్డాక లేడి అవుతుంది.

నిజం ఎంత? మాయ ఎంత?

ఇందులో ఒక చిక్కు ఉంది. బొమ్మలో లేడి మరీ వింతగా ఉంటే సీతమ్మ దాన్ని ఎందుకు కోరుకుంటుంది? మరీ మామూలుగా ఉంటే చూసేవాళ్ళకు అది మాయ అని ఎట్లా తెలుస్తుంది?

అందుకే కాళ్ళు, చెవులు, మెడ తిప్పిన తీరు నిజం జింకలాగా ఉండాలి. రంగులో మాత్రం మాయ ఉండాలి. ఎక్కువ నిజం, కొంచెం మాయ. అట్లా కలిపితేనే నమ్మబుద్ధి అవుతుంది.

తిరుగు ప్రయాణంలో కోడలు ఫోనులో వెతికి చేర్యాల బొమ్మల సంగతి అత్తకు చదివి వినిపించింది. అత్త విన్నది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"పదేండ్ల కింద ఒకాయన అప్పు కాగితం తెచ్చిండు. దాంట్ల నా పేరు నిజం. మన ఊరు నిజం. తీసుకున్న పైసలు నిజం. వడ్డీ లెక్క ఒక్కటే అబద్ధం. అన్నీ నిజమే అనుకొని వేలిముద్ర వేసిన. ఆ బాకీ తీర్చేసరికి రెండు గొడ్లు అమ్మినం. అది గూడ బంగారు లేడే బిడ్డా."

"ఇప్పుడు కాగితం తెస్తే ఏం చేస్తవత్తా?"

"లేడిని మొత్తం చూడ. చుక్క చుక్క చూస్త. అక్షరం అక్షరం చదువుత. చదివినంకనే సంతకం."

కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. బస్సు పాల్వంచలో ఆగింది. బోర్డు మీది పేరును అత్త ఈసారి ఆగకుండా చదివింది.

కొత్త మాటలు

నకాశీ – పటం మీద బొమ్మలు వేసే కళాకారుడు
పటం – కథను బొమ్మలుగా వేసిన పొడుగాటి గుడ్డ
కుంచె – రంగు వేసే బ్రష్షు
పూత – పైన పూసిన పొర
తేరడం – స్పష్టంగా కనపడటం

జవాబులు చెప్పండి

1. చుక్కల దుప్పికీ బంగారు లేడికీ పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. గుడ్డకు మూడుసార్లు పూత ఎందుకు పూస్తారు?
3. పటం చదువు రాని జనానికి పుస్తకం ఎట్లా అయింది?
4. అత్త అప్పు కాగితాన్ని బంగారు లేడి అని ఎందుకు అన్నది?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఆవునో, మేకనో, కోడినో బాగా చూడండి. పలక మీద దాని బొమ్మ గీయండి. దానికి లేనిది ఒక్కటి చేర్చండి. రెక్కలు కావచ్చు, ఇంకో తల కావచ్చు. దానికి ఒక పేరు పెట్టి, ఆ పేరును బొమ్మ కింద రాయండి. పక్కన కూర్చున్నవాళ్ళకు చూపించి, ఏది నిజం, ఏది కల్పన అని అడగండి.