‘టేక్’ అంటే తీసుకోవడమేనా?

మా తరగతిలో ఏటా ఎదురయ్యే వాక్యం ఒకటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ‘ఐ గేవ్ ది ఎగ్జామ్’ అని రాస్తారు. తెలుగు ఇళ్ల పిల్లలు ‘ఐ రోట్ ది ఎగ్జామ్’ అంటారు. పుస్తకంలో ఉండేది ‘ఐ టుక్ ది ఎగ్జామ్’. పరీక్ష ఒకటే, క్రియలు మూడు.

చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి రాసిన ‘గేవ్’ను మేము ఎర్రసిరాతో కొట్టేసి, తరగతిలో చదివి వినిపించాం. అందరూ నవ్వారు. ఆ ఏడాదంతా ఆ అమ్మాయి ఇంగ్లీషులో నోరు విప్పలేదు. తప్పు మాదేనని తర్వాత తెలిసింది.

ఉర్దూలో విద్యార్థి ‘ఇమ్తిహాన్ దేతా హై’, అంటే పరీక్ష ఇస్తాడు. ఉస్తాద్ ‘ఇమ్తిహాన్ లేతా హై’, అంటే తీసుకుంటాడు. ఇంగ్లీషులో ఇది తలకిందులు: ఇచ్చేది ఉపాధ్యాయుడు, తీసుకునేది విద్యార్థి. తెలుగులోనైతే అయ్యవారు పరీక్ష పెడతారు, పిల్లలు రాస్తారు. కెనడాలో ఇంగ్లీషువారు కూడా పరీక్ష ‘రైట్’ చేస్తామనే అంటారు.

ఆ మాటకొస్తే ‘టేక్’ కూడా ఇంగ్లీషుకు వలస వచ్చినదే. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో తీసుకోవడాన్ని ‘నిమాన్’ అనేవారు. జర్మన్ ‘నేమెన్’ దాని తోబుట్టువు. సముద్రం దాటి వచ్చి స్థిరపడిన వైకింగుల ‘తాకా’ క్రమంగా దాని చోటు తీసుకుంది. ‘తాకా’కు ముట్టుకోవడం అనే అర్థం కూడా ఉండేది. మన ‘తాకు’తో పోలిక కేవలం యాదృచ్ఛికం. పాత మాట ఆనవాలు, తిమ్మిరెక్కినదని చెప్పే ‘నంబ్’లో మిగిలింది. స్పర్శను ఎవరో తీసుకుపోయినట్టన్నమాట!

నేడు ‘టేక్’కు తెలుగులో ఒక్క మాట సరిపోదు. బస్సయితే ఎక్కుతాం, మాత్రయితే వేసుకుంటాం, ఫొటో అయితే తీస్తాం. మదనపల్లెకు వెళ్లాలంటే సమయం ‘పడుతుంది’. అందుకే మేమిప్పుడు మూడు భాషల వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తాం. ‘మీ ఇంట్లో ఏమంటారు?’ అని అడుగుతాం. పిల్లలే తేడా పట్టేస్తారు.

మీ చేయూతతో చదివే పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. వారిలో ఎవరైనా మీ ఎదుట ‘ఎగ్జామ్ గేవ్’ అంటే నవ్వకండి. మార్కు పోకుండా దిద్దాల్సిందే. అయితే ముందు ఇంట్లో ఏమంటారో అడిగి, ఆ తర్వాత ‘టుక్’ చెప్పండి.