ఇంజను భాగాల జిడ్డు తొలగింపు – ద్రావణి ఎంపిక

ట్రాక్టరు, డీజిల్ పంపుసెట్టు ఇంజన్లను విప్పినప్పుడు భాగాలను పెట్రోలుతో కడగడం గ్రామీణ వర్కుషాపులలో నేటికీ కనిపిస్తుంది. పెట్రోలు జిడ్డును త్వరగా కరిగిస్తుందన్నది వాస్తవమే. అయితే దాని ఫ్లాష్ పాయింటు సుమారు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్. ఆ ఆవిరి గాలి కంటె బరువైనది కనుక నేలబారున ప్రాకి, దూరాన ఉన్న వెల్డింగు రవ్వను సైతం చేరి అంటుకొంటుంది.

అందువల్ల కిరోసిను, డీజిల్ మేలైనవి. వీటికి భారతీయ ప్రమాణాలు నిర్దేశించిన కనీస ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలు. ఇచ్చట ఒక మెలిక ఉన్నది. రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కిరోసిను కూడా నిరపాయకరం కాదు. ఆ కాలంలో ఉదయపు వేళ, గాలి ఆడే నీడలో, నిప్పుకు దూరంగా కడగాలి.

పోత ఇనుప భాగాలకు పట్టిన ముదురు జిడ్డుకు వేడి కాస్టిక్ సోడా ద్రావణం పనిచేస్తుంది. అదే ద్రావణంలో అల్యూమినియం పిస్టన్‌ను ముంచితే లోహం తినివేయబడి, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. విద్యార్థులు తరచు మరచేది ఇదే. అల్యూమినియానికి కిరోసిను, ఆపై సబ్బునీరు చాలు.

కిరోసిను పలుచని నూనె పొరను మిగులుస్తుంది. సబ్బునీటితో కడిగిన ఇనుప భాగాలకు ఆ రక్షణ ఉండదు. వెంటనే ఆరబెట్టి నూనె పూయకపోతే తుప్పు పడుతుంది. హైడ్రాలిక్ బ్రేకుల రబ్బరు కప్పులకు మాత్రం కిరోసిను తగలనీయరాదు, అవి ఉబ్బి పాడవుతాయి. వాడిన ద్రావణిని మూతగల డబ్బాలో తేర్చి, పైతేటను తొలి కడుగుకు మరల వాడవచ్చు. పంట కాలువలో పోయరాదు.