గింజలు ఏరినంకనే చాక్లెట్, బిడ్డా

బొంరాస్‌పేట

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. బాబు పుట్టినరోజుకు దుకాణం మిఠాయి కొనకుండ, నేను పంపిన పల్లీలతోనే ముద్దలు చేసి చాక్లెట్‌లో ముంచుతానంటివి. చదువుతుంటే కడుపు నిండింది. కానీ చివర్ల రాసిన మాట రాత్రి నిద్ర పోనియ్యలే. సంచిలో కొన్ని గింజలు నల్లగ, ముడుసుకపోయి ఉన్నయి, ఏంచి మిక్సీ పడితే ఏం తెలుస్తది అని రాసినవు.

తెలవదు. నా భయం అదే.

బూజు పట్టిన పల్లీలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడతది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైన టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటికి పెట్టిన పల్లిపిండిలో ఈ విషం ఉన్నదని తర్వాత తేల్చిన్రు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో శాస్త్రవేత్తలు ఏండ్ల సంది దీని మీద పని చేస్తున్నరు. ఏంచితే బూజు చస్తది గాని అది విడిచిన విషం పూర్తిగ పోదు. కాలేయాన్ని పట్టుకుంటది. చిన్న పిల్లలు తినేది బిడ్డా, నీ పొయ్యి మీద నాకు నమ్మకం ఉంది, ఆ గింజ మీదనే లేదు.

మా అమ్మ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల గింజ గలగలమంటేనే ఎండినట్టు, లేకుంటే సంచికెత్తనియ్యకపోయేది. ఇగ రాత్రిపూట కందిలి ముంగట చాటలు వేసుకుని ఏరుడే. ముడుత గింజ, రంగు మారింది, పుచ్చింది, మొలకొచ్చింది, పగిలింది, అన్నీ పక్కకు. నిద్రకు తూగుతుంటే నోట్లె బెల్లం ముక్క పెట్టేది. కొడంగల్ వెంకన్న ఉత్సవాలకు బండ్లు కట్టుకుని పోతుంటే ఆ ఏరిన పల్లీల పట్టీలే మూటల ఉండేటివి. దారంత పాటలు. నీ గొంతు మా అమ్మదే.

ఇగ నీ ముద్దల సంగతి. నేను పంపే కొత్త గింజను సన్నమంట మీద ఏంచి, పొట్టు తీసి, చాటల పోసి మళ్లొకసారి ఏరు. పొట్టు పోయినంక మచ్చలు బయటపడతయి. నూనె పైకొచ్చేదాక మిక్సీ పట్టు, నడుమ ఆపి చల్లారనియ్యి. చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, జరంత వెన్న కలిపి ఉండలు చెయ్యి. బెల్లం వద్దు, తేమ గుంజి మెత్తబడతది. అరగంట ఫ్రిజ్‌ల పెట్టినంకనే ముంచు. చాక్లెట్‌ను వేడినీళ్ల గిన్నె మీద కరిగించు. ఒక్క నీటిచుక్క పడినా గడ్డలు కడతది, గరిటె పొడిగ తుడువు. అసలు కోకో వెన్న ఉన్న చాక్లెట్ ఒంటి వేడికే కరుగుతది, కాబట్టి పిల్లలు కూసున్నంకనే ఫ్రిజ్‌ల నుంచి తియ్యి. పల్లి పడని పిల్లలు ఉంటరు, వాళ్ల తల్లులను ముందే అడుగు.

తమ్ముడు ఆదివారం వస్తుండు. కొత్త గింజ నేనే ఏరి, ఎండబెట్టి, గుడ్డసంచిల పంపుతున్న. ప్లాస్టిక్ కవర్ల కట్టి పెట్టకు, చెమ్మ పడతది. ఆ పాత సంచి మొత్తం పారబొయ్యి, నల్లటివి ఏరి మిగిలినవి వాడుదామని చూడకు. పాలాయన బర్రెలకు గూడ వెయ్యకు, ఆ విషం పాలల్లకు దిగుతది.

బాబుకు ముద్దులు.

మీ అవ్వ