నిన్నటి తేదీలో పడుతున్న కాటా చీటీలు

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాటా చీటీల వెబ్ అప్లికేషన్ చేసిచ్చాను. కోతలప్పుడు కొన్ని లోడ్లు నిన్నటి తేదీలో పడుతున్నాయి. నేను ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే వస్తోంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: కోడ్ తర్వాత చూద్దురుగాని. ముందు తేదీ తప్పిన చీటీలన్నీ తీసి, బండి కాటా ఎక్కిన సమయం చూడండి. అన్నీ అర్ధరాత్రికీ తెల్లవారుజామున 5.30కీ మధ్యవే అయితే దొంగ దొరికినట్టే. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో నడుస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. 12వ తేదీ ఉదయం 4.50కి తూగిన ట్రాక్టర్, సర్వర్ లెక్కలో 11వ తేదీ రాత్రి 11.20కి వచ్చినట్టు. వానాకాలం, యాసంగి కోతలప్పుడు రాత్రిళ్లూ కాటా నడుస్తుంది. మీరేమో పగలు పరీక్షిస్తారు. ఇక ఎలా కనబడుతుంది?

సర్వర్ గడియారాన్నే మన సమయానికి తిప్పేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నేనొప్పుకోను, సర్వర్ మారిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. సమయాన్ని యూటీసీలోనే దాచి, తేదీ తీసేచోట ‘ఆసియా/కోల్‌కతా’ అని స్పష్టంగా ఇవ్వండి. జావాస్క్రిప్ట్ అయితే, ‘టుఐఎస్ఓస్ట్రింగ్’ ఇచ్చినదాంట్లో మొదటి పది అక్షరాలు కోసి తేదీగా వాడిన చోటే నా మొదటి అనుమానం. సరిచేశాక 5.29, 5.31 సమయాలిచ్చి పరీక్షించండి.

తప్పులు రోజంతా చెదిరి ఉంటే కథ వేరు. ఏ చీటీని ఏ సర్వర్ రాసిందో లాగ్‌లో పెట్టండి. ఒకదాంట్లో పాత కోడ్ ఉండిపోయిందేమో. పాత చీటీల తేదీలు దిద్దేముందు బ్యాకప్ తీసుకోండి, మిల్లు గుమాస్తాకూ చెప్పండి.